అతోలె ఇంట్లో చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మెక్సికోలో పొద్దున్నే వేడివేడిగా తాగే మొక్కజొన్న పానీయం అతోలె. చేయడం తేలికే. కానీ ఏ పిండి కొనాలి, సున్నం ఎంత వేయాలి, పాలు ఎప్పుడు పోయాలి అన్న దగ్గర అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. వాటిని వంట జరిగే వరుసలో ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్న తెరిచినా జవాబు అక్కడే పూర్తిగా దొరుకుతుంది.

## మొదలుపెట్టే ముందు

అతోలె అంటే ఏమిటి? మన జావ లాంటిదేనా?

చూడ్డానికి పల్చటి జావలాగే ఉంటుంది, తేడా అంతా పిండిలోనే. మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, కడిగి రుబ్బుతారు. ఆ ముద్ద పేరు మాసా. దాన్ని నీళ్ళలో కలిపి, వడకట్టి, చిక్కబడేదాకా కాస్తే అతోలె. స్పెయిన్ వాళ్ళు రాకముందు దీన్ని నీళ్ళతోనే చేసేవారు. తీపికి తేనె, కారానికి మిరపకాయ వేసేవారు. పాలు, చెరకు బెల్లం, దాల్చినచెక్క ఆ తర్వాత చేరినవే. మొదటిసారి చేసేవాళ్ళు పాలు, చాక్లెట్ పక్కన పెట్టి, నీళ్ళతో చేసే తెల్ల అతోలెతో మొదలుపెట్టండి. మొక్కజొన్న రుచి నాలుకకు తెలిశాకే మిగతావి ఎంత వేయాలో చేతికి అందుతుంది.

దీన్ని ఎప్పుడు తాగుతారు? పక్కన ఏం తింటారు?

దీనికి జోడీ తమాలెస్. మాసాకు కొవ్వు కలిపి, మొక్కజొన్న కంకి మీది ఆకుల్లో లేదా అరటాకులో చుట్టి ఆవిరి మీద ఉడికించినవి. మెక్సికో నగరంలో పొద్దున పూట వీధి బండ్ల దగ్గర ఈ రెండూ కలిపే అమ్ముతారు. అక్కడ తమాల్‌ను బన్నులో పెట్టి ఇస్తారు కూడా, దాన్ని గుఆహొలోతా అంటారు. నవంబర్ 1, 2 తేదీల్లో చనిపోయినవారిని తలచుకునే పండుగకూ, డిసెంబర్ 16 నుంచి 24 వరకు జరిగే పొసాదాస్ అనే క్రిస్మస్ ముందు వేడుకలకూ అతోలె ఉండాల్సిందే. జనవరి 6న కోసే పండుగ రొట్టెలో చిన్న బొమ్మ దాచి ఉంచుతారు. ఎవరి ముక్కలో ఆ బొమ్మ వస్తే వాళ్ళు ఫిబ్రవరి 2న అందరికీ తమాలెస్, అతోలె పెట్టాలి.

## పిండి, గింజలు

ఇంట్లో కార్న్‌ఫ్లోర్ డబ్బా ఉంది. దాంతో చేసేయొచ్చా?

మన దుకాణాల్లో కార్న్‌ఫ్లోర్ పేరుతో దొరికే తెల్లటి పొడి మొక్కజొన్న నుంచి తీసిన స్టార్చ్ మాత్రమే. చిక్కదనం ఇస్తుంది, మొక్కజొన్న రుచి ఉండదు. మెక్సికోలోనూ చాలా ఇళ్ళలో స్టార్చ్‌తో తొందర అతోలె కాస్తారు, దానికి స్ట్రాబెర్రీ, వెనిల్లా రుచుల ప్యాకెట్లు కూడా దొరుకుతాయి. కాబట్టి చేయడం తప్పు కాదు. లీటరు పాలకు 35 నుంచి 40 గ్రాములు చాలు, 5 నిమిషాల్లో అయిపోతుంది. అయితే అది తాగి అతోలె రుచి ఇదేనని అనుకోవద్దు.

మామూలు మొక్కజొన్న పిండి (మక్క పిండి) పనికొస్తుందా?

చిక్కబడుతుంది గానీ మాసా వాసన రాదు. సున్నంలో ఉడకని పిండికి పచ్చి వాసన ఎక్కువ, నోటికి రవ్వరవ్వగా తగులుతుంది. అదొక్కటే ఉంటే పిండిని సన్నని మంట మీద 8 నుంచి 10 నిమిషాలు కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, సన్నటి జల్లెడ పట్టి వాడండి. అప్పుడది వేయించిన మొక్కజొన్నతో చేసే పినోలె అతోలెకు దగ్గరగా వస్తుంది.

మాసా హరీనా కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఏం చూడాలి?

మాసా హరీనా అంటే సున్నంలో ఉడికించి రుబ్బిన మాసాను ఆరబెట్టి పొడి చేసినది. పదార్థాల జాబితాలో మొక్కజొన్నతో పాటు సున్నం ఉండాలి. మసేకా బ్రాండు ఎక్కువగా కనిపిస్తుంది. అమెరికాలో ఉండే తెలుగువారికి మెక్సికన్ కిరాణా కొట్లలోనే కాదు, పెద్ద సూపర్ మార్కెట్లలోనూ దొరుకుతుంది. మన దేశంలో దిగుమతి సరుకులు అమ్మే ఆన్‌లైన్ దుకాణాల్లో వెతకాలి. తమాలెస్ కోసం అమ్మే రకం కాస్త బరకగా ఉంటుంది, అతోలెకు తోర్తియా (మాసాతో చేసే పల్చటి రొట్టె) రకమే తీసుకోండి. అరేపాల (వెనిజులా, కొలంబియాల్లో తినే మందపాటి మొక్కజొన్న రొట్టెలు) కోసం అమ్మే ‘పాన్’ పిండి అచ్చం ఇలాగే కనిపిస్తుంది కానీ అందులో సున్నం ఉండదు. ఎక్కువ మంది పొరబడేది దాని దగ్గరే.

మొదటి నుంచీ చేయాలంటే ఎలాంటి గింజలు కావాలి?

పూర్తిగా ఎండిన, పురుగు పట్టని, బూజు వాసన లేని ముదురు గింజలు. తెల్లవైతే మెక్సికో రంగుకు దగ్గర, పసుపువైనా రుచికి లోటు లేదు. పాప్‌కార్న్ గింజలు వద్దు, వాటి తొక్క మరీ మందం. విత్తనాల దుకాణంలో కొన్న మొక్కజొన్న ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. గులాబీ, ఎరుపు రంగు పూసి ఉండే ఆ గింజలకు పురుగుమందో శిలీంధ్రనాశినో పట్టించి ఉంటుంది, ఎంత కడిగినా తినడానికి పనికిరావు.

## సున్నంలో ఉడికించడం

సున్నం వేయకుండా ఉత్తి నీళ్ళలో ఉడికిస్తే ఏమవుతుంది?

తొక్క ఊడదు, రుబ్బితే పొట్టు నోటికి తగులుతూనే ఉంటుంది. సున్నం ఆ తొక్కను కరిగించి వదులు చేస్తుంది. పిండికి జిగురు, తోర్తియా దగ్గర వచ్చే ఆ ప్రత్యేకమైన వాసన దానివల్లే వస్తాయి. పోషకాల పరంగానూ పెద్ద తేడా ఉంది. మొక్కజొన్నలోని నియాసిన్ (బి3 విటమిన్) మన ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది, సున్నం దాన్ని విడిపిస్తుంది. ఈ పద్ధతి నేర్చుకోకుండా మొక్కజొన్న మీదే బతికిన ఇటలీలోనూ, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ పేదవాళ్ళకు నియాసిన్ లోపం వల్ల కలిగే పెల్లాగ్రా జబ్బు వచ్చింది. మెక్సికోలో వేల ఏళ్ళుగా మొక్కజొన్నే ప్రధాన ఆహారమైనా ఆ బెడద లేకపోవడానికి ఈ సున్నపు నీళ్ళు పెద్ద కారణం. ఇలా ఉడికించిన గింజల్ని నిష్టమాల్ అంటారు.

కిళ్ళీ సున్నం వాడొచ్చా?

తాంబూలానికి అమ్మే తెల్లటి తడి సున్నం వాడొచ్చు. అదీ కాల్షియం హైడ్రాక్సైడే. రంగు, వాసన, కాచు కలిపినవి మాత్రం వద్దు. గోడలకు వేసే సున్నంలో ఏముంటుందో చెప్పలేం కాబట్టి దాని జోలికి పోవద్దు. నీళ్ళు పోస్తే బుసబుస పొంగే రాతి సున్నమూ వద్దు, అది ఒళ్ళు కాలుస్తుంది. అమెరికాలో అయితే మెక్సికన్ కొట్లలో ‘కాల్’ పేరుతో, ఊరగాయల సామగ్రి దగ్గర పిక్లింగ్ లైమ్ పేరుతో తినదగ్గ పొడి సున్నం దొరుకుతుంది. ఏది వాడినా కళ్ళలో పడకుండా చూసుకోండి.

ఎన్ని గింజలకు ఎంత సున్నం? ఎంతసేపు ఉడికించాలి?

500 గ్రాముల ఎండు గింజలకు 1.5 లీటర్ల నీళ్ళు, 5 గ్రాముల పొడి సున్నం. తడి సున్నమైతే అందులో నీరు ఉంటుంది కాబట్టి 10 గ్రాములు. ముందు సున్నాన్ని నీళ్ళలో కలిపి, కడిగిన గింజలు వేసి, మధ్యస్థపు మంట మీద మరుగు దగ్గరికి తేవాలి. ఆ తర్వాత మంట తగ్గించి, నీళ్ళు గలగల మరగకుండా కదులుతూ ఉండేలా 35 నుంచి 45 నిమిషాలు ఉంచండి. ఒక గింజ తీసి వేళ్ళ మధ్య రుద్దితే తొక్క జారిపోవాలి. కొరికితే లోపల నడిమధ్యన తెల్లగా కొంచెం గట్టితనం ఉండాలి. అప్పుడు దించి మూతపెట్టి 8 నుంచి 12 గంటలు కదపకుండా వదిలేయండి.

పసుపు గింజలు సున్నంలో పడగానే ముదురు పసుపుకు తిరుగుతాయి. అది చూసి కంగారు పడొద్దు, రావలసిన రంగే.

ప్రెషర్ కుక్కర్లో పెట్టేస్తే తొందరగా అవుతుంది కదా?

అవుతుంది, కానీ గింజ పైన మెత్తబడి లోపలికి సున్నం సరిగా ఇంకదు. రుబ్బితే జిగటగా బంకలా వస్తుంది. ఇక్కడ పని చేసేది మంట కంటే నానే సమయమే.

ఏ గిన్నె వాడాలి?

స్టీలు గిన్నె లేదా పూత ఊడని ఎనామిల్ గిన్నె. అల్యూమినియం వద్దే వద్దు, సున్నపు నీళ్ళు దాన్ని తినేస్తాయి, గిన్నె నల్లబడి ఆ లోహం తిండిలో కలుస్తుంది. మెక్సికో నుంచి మెరుపు పూత ఉన్న మట్టి కుండ తెచ్చుకున్నవాళ్ళు అది సీసం లేనిదో కాదో తెలుసుకున్నాకే పొయ్యి మీద పెట్టండి. పాత పద్ధతి పూతల్లో సీసం ఉంటుంది.

నానిన తర్వాత ఎన్నిసార్లు కడగాలి? ఆ నీళ్ళు మొక్కలకు పోయొచ్చా?

అతోలెకైతే 3, 4 సార్లు కడగండి. చేతులతో గట్టిగా రుద్ది, ఊడిన తొక్కల్ని నీళ్ళతో పాటు పారబోయాలి. తొక్క ఎంత పోతే అతోలె అంత నున్నగా వస్తుంది. తోర్తియాకు అయితే ఇంత కడగరు. కడిగిన గింజ నోట్లో వేసుకుంటే సబ్బు రుచి తగిలితే సున్నం ఇంకా మిగిలిందన్నమాట, మరో రెండు సార్లు కడగండి. ఆ పసుపు నీళ్ళలో క్షారం ఎక్కువ, కుండీల్లో పోయొద్దు.

రాత్రంతా నానినా తొక్క ఊడట్లేదు. ఎందుకు?

సున్నం పాతబడి ఉంటుంది. డబ్బా మూత సరిగా లేకపోతే గాలి తగిలి సుద్దగా మారి పనిచేయడం మానేస్తుంది. గింజలు రెండేళ్ళ కిందటివైనా ఇలాగే మొండికేస్తాయి. కొత్త సున్నం 3 గ్రాములు కలిపి మరో 20 నిమిషాలు ఉడికించి, 3 గంటలు నాననివ్వండి.

మిక్సీలో రుబ్బాలా, గ్రైండర్లోనా?

ఇడ్లీ పిండి రుబ్బే వెట్ గ్రైండర్ దీనికి చక్కగా కుదురుతుంది. తోర్తియాకు గట్టి ముద్ద కావాలి, అది గ్రైండర్లో తిరగదు. అతోలెకు ఎలాగూ నీళ్ళలో కలిపేదే కాబట్టి జారుగా రుబ్బుకున్నా ఇబ్బంది లేదు. లీటరు అతోలెకు కడిగిన నిష్టమాల్ గింజలు 120 గ్రాములు తూచి, కొంచెం కొంచెంగా 250 మి.లీ. నీళ్ళు పోస్తూ వెన్నలా రుబ్బండి. ఇంత తక్కువ గింజలకు గ్రైండర్ అందకపోతే మిక్సీ చిన్న జార్ నయం. ఆపి ఆపి తిప్పాలి, వేడెక్కితే పిండి బంకసాగుతుంది. తర్వాత సన్నటి వడపోతతో వడకట్టి, మిగిలిన పిప్పిని ఇంకొన్ని నీళ్ళతో మళ్ళీ ఒకసారి రుబ్బి వడకట్టండి. పిప్పి ఎక్కువ పారేస్తే అతోలె నీళ్ళనీళ్ళగా ఉంటుంది.

## పొయ్యి మీద

1 లీటరు అతోలెకు సరైన కొలతలు ఏమిటి?

మాసా హరీనా 60 గ్రాములు (సుమారు అర కప్పు) లేదా తాజా మాసా ముద్ద 120 గ్రాములు. నీళ్ళు 750 మి.లీ., కాచిన పాలు 250 మి.లీ. బెల్లం 80 గ్రాములు, దాల్చినచెక్క ఒక పొడవాటి ముక్క, చిటికెడు ఉప్పు. ఆ 750లో 250 మి.లీ. నీళ్ళు చల్లగా పక్కన ఉంచి పిండి అందులో కలపండి. మిగతా 500 మి.లీ.లో దాల్చినచెక్క, బెల్లం వేసి 10 నిమిషాలు మరిగించి వడకట్టండి. పిండి నీళ్ళను వడపోత గుండా సన్నని ధారగా అందులోకి పోస్తూ, ఆపకుండా తిప్పుతూ మరుగు రానివ్వాలి. సన్నని మంట మీద 15 నిమిషాలు ఉడికాక దించి, రెండు నిమిషాలు ఆగి, వేడి పాలు కలపాలి. మొత్తం నీళ్ళతోనే చేస్తే అదే తెల్ల అతోలె. దానికి తీపి అందులో కలపకుండా బెల్లం ముక్క కొరుక్కుంటూ తాగే అలవాటూ ఉంది.

ఎంత తిప్పినా ఉండలు కడుతోంది. ఏం చేయాలి?

పొడి పిండిని వేడి నీళ్ళలో వేస్తే ఉండ కట్టక మానదు. పైపొర వెంటనే ఉడికి అంటుకుపోతుంది, లోపలి పొడికి నీరు అందదు. పిండి ఎప్పుడూ చల్లటి నీళ్ళలోనే కలపాలి, కలిపాక 5 నిమిషాలు నాననివ్వాలి. పోసే ముందు అడుగుకు దిగిన పిండిని మళ్ళీ కలియబెట్టాలి. ఇప్పటికే ఉండలు కట్టి ఉంటే దించి కొంచెం చల్లారాక మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి వడకట్టి, తిరిగి పొయ్యి మీద పెట్టండి. ఏమీ చెడిపోదు.

చిక్కబడగానే దించేయొచ్చా?

వద్దు. 70 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలోనే పిండి చిక్కబడటం మొదలవుతుంది, అప్పటికి అది ఉడికినట్టు కాదు. ఆ దశలో తాగితే నాలుక మీద సుద్దలా తగులుతుంది, పచ్చి వాసన వస్తుంది. మరుగు వచ్చాక మాసా హరీనాకు 15 నిమిషాలు, తాజా మాసాకు 20 నిమిషాలు ఇవ్వండి. ఉడికిన అతోలెకు మెరుపు వస్తుంది, గరిటె వెనక పల్చటి పొర నిలబడుతుంది.

అడుగంటింది. ఆ వాసన పోగొట్టొచ్చా?

గోకకండి. పైన ఉన్నదాన్ని కదపకుండా వేరే గిన్నెలోకి వంచేయండి. వాసన పట్టకముందే చేస్తే బయటపడతారు, పట్టిన తర్వాత ఎంత దాల్చినచెక్క వేసినా దాగదు. మందపాటి అడుగున్న గిన్నె, అడుగంతా తాకే చెక్క గరిటె, సన్నని మంట ఉంటే ఇది జరగదు. పిండి పోశాక మొదటి 5 నిమిషాలే ప్రమాదం, అప్పుడు పిండి ఇంకా చిక్కబడక అడుగుకు దిగుతూ ఉంటుంది.

బెల్లం వేయగానే పాలు విరిగిపోయాయి. మెక్సికోలో విరగవా?

అక్కడా విరుగుతాయి. వాళ్ళు వాడే పిలోన్సియో కూడా గడ్డకట్టించిన చెరకు బెల్లమే. బెల్లంలో కొద్దిగా పులుపు, లవణాలు ఉంటాయి. మరుగుతున్న పాలలో పడితే విరుపు ఖాయం. బెల్లాన్ని మొక్కజొన్న నీళ్ళతోనే ఉడికించి, అంతా దించాక, విడిగా కాచి ఉంచిన పాలు కలపండి. కలిపాక మళ్ళీ మరిగించొద్దు. మన బెల్లం వాడితే రుచికి ఏ లోటూ రాదు. నల్ల బెల్లమైతే పిలోన్సియోకు ఇంకా దగ్గర. ఇసుక ఉండే అవకాశం ఉంది కాబట్టి పాకం వడకట్టడం మర్చిపోవద్దు.

ఏ దాల్చినచెక్క వాడాలి?

మెక్సికోలో వాడేది శ్రీలంక రకం. కాగితాల్లా పల్చటి పొరలు చుట్టుకుని, చేత్తో నలిపితే విరుగుతుంది. మన కిరాణా కొట్లో ఎక్కువగా దొరికే మందపాటి గట్టి చెక్క వేరే రకం, ఘాటు ఎక్కువ. అదే ఉంటే సగం ముక్క వేసి, 5 నిమిషాల్లో తీసేయండి.

## రకాలు

చాక్లెట్ అతోలె (చంపుర్రాదో) ఎలా చేయాలి?

లీటరుకు మాసా హరీనా 50 గ్రాములు చాలు, చాక్లెట్ కూడా చిక్కదనం ఇస్తుంది. మెక్సికన్ చాక్లెట్ బిళ్ళలో కోకోతో పాటు పంచదార, దాల్చినచెక్క కలిసే ఉంటాయి. అది 90 గ్రాములు వేస్తే తీపి వేరే అక్కర్లేకపోవచ్చు, రుచి చూసి వేయండి. దొరక్కపోతే 70 శాతం డార్క్ చాక్లెట్ 60 గ్రాములు, బెల్లం 60 గ్రాములు. పిండి 10 నిమిషాలు ఉడికాక చాక్లెట్ ముక్కలు వేసి కరగనివ్వాలి. నురగ కోసం అక్కడ మొలినియో అనే చెక్క చిలుకును రెండు అరచేతుల మధ్య తిప్పుతారు. మన కవ్వం సరిగ్గా ఆ పనే చేస్తుంది. కప్పుల్లో పోసే ముందు ఒక నిమిషం చిలకండి.

పండ్లతో చేస్తే విరిగిపోతోంది. జామ, స్ట్రాబెర్రీ ఎలా కలపాలి?

జామకాయ పులుపు తక్కువ. బాగా పండిన 300 గ్రాముల కాయల్ని ఉడికించి, గింజలు పోయేలా వడకట్టి, అతోలె దించాక కలిపితే పాలతోనూ నిలబడుతుంది. స్ట్రాబెర్రీ, అనాస వంటి పుల్లటివైతే పాలు మానేసి నీళ్ళతోనే చేయడం మేలు. మిచోఆకాన్ రాష్ట్రంలో చింతపండుతో కూడా అతోలె చేస్తారు. మన ఇళ్ళలో ఎలాగూ ఉంటుంది, ప్రయత్నించండి. లీటరుకు పెద్ద నిమ్మకాయంత చింతపండు రసం, 120 గ్రాముల బెల్లం, పాలు లేకుండా. రసం చివర్లోనే పోయాలి, ముందే పోసి చాలాసేపు కాస్తే పులుపు వల్ల చిక్కదనం తగ్గుతుంది.

తీపి ఇష్టం లేదు. కారంగా చేసేది ఉందా?

ఉంది. ప్యుయెబ్లా, త్లాక్స్‌కాలా, వెరాక్రూస్ వైపు చిలేఅతోలె చేస్తారు. లేత మొక్కజొన్న గింజలు ఒక కప్పు ఉప్పు నీళ్ళలో ఉడికించి, 40 గ్రాముల మాసా హరీనా చల్లటి నీళ్ళలో కలిపి పోసి, పచ్చిమిర్చి, ఆకుకూర రుబ్బి కలుపుతారు. అక్కడి ఆకు ఎపజోతె, ఘాటైన వాసన. దానికి సరిసమానమైనది మన దగ్గర లేదు. కొత్తిమీరతో చేస్తే వేరే రుచి వస్తుంది, అదీ బాగుంటుంది.

లేత కంకులతో చేయాలంటే స్వీట్‌కార్న్ తీసుకోవాలా?

వానాకాలంలో బొగ్గుల మీద కాల్చి అమ్మే మామూలు కంకులే మంచివి. మెక్సికోలో వాడే లేత కంకుల్లోనూ తీపి కంటే పిండి ఎక్కువ. గోరు గుచ్చితే పాలు చిమ్మే దశలో ఉండాలి. 4 కంకుల గింజల్ని 500 మి.లీ. నీళ్ళతో రుబ్బి, వడకట్టి, 500 మి.లీ. పాలతో కలిపి 15 నిమిషాలు కాయండి. పాలు ముందే ఉన్నాయి కాబట్టి దీనికి పంచదార వాడండి. స్వీట్‌కార్న్‌లో పిండి తక్కువ, అదే వాడితే 20 గ్రాముల మాసా హరీనా తోడు కావాలి.

## తాగేటప్పుడు, దాచేటప్పుడు

కప్పులో పోసిన కాసేపటికే గట్టిపడింది. నీళ్ళు ఎక్కువ పోయాల్సిందా?

పొయ్యి మీద ఉన్నప్పుడు మీకు కావలసినదానికంటే కొంచెం పల్చగా ఉండగానే దించాలి, చల్లారేకొద్దీ ఎలాగూ చిక్కబడుతుంది. గట్టిపడితే వేడి నీళ్ళు కప్పుకు 50 మి.లీ. కలిపి చిలకండి. చల్లటి నీళ్ళు పోస్తే తునకలుగా విడిపోతుంది.

ఎన్ని రోజులు నిల్వ ఉంటుంది?

కాచిన అతోలె ఫ్రిజ్‌లో 2, 3 రోజులు. రుబ్బిన మాసా 2 రోజులు, తర్వాత పులుస్తుంది. కడిగిన నిష్టమాల్ గింజలైతే 120 గ్రాముల చొప్పున సంచుల్లో కట్టి ఫ్రీజర్‌లో 3 నెలలు ఉంచుకోవచ్చు, ఒక్కో సంచి ఒక్కో లీటరుకు సరిపోతుంది. ఒకసారి ఉడికించి ఇలా దాచుకోవడమే అన్నిటికంటే సుఖం.

పాలు పడనివారు, గ్లూటెన్ పడనివారు తాగొచ్చా?

నీళ్ళతో చేస్తే పాల సమస్య లేదు. మొక్కజొన్నలో గ్లూటెన్ ఉండదు కానీ గోధుమ ఆడించే మరలోనే ఆడిస్తే కలుస్తుంది, ప్యాకెట్ పిండికి గ్లూటెన్ లేదన్న ముద్ర చూసుకోండి. మధుమేహం ఉన్నవారు మాత్రం బెల్లం మానేసినా అది పిండి పదార్థమేనని లెక్కలో పెట్టుకోవాలి, చిన్న కప్పుతో ఆపాలి.